రంగు డబ్బాలో యాంప్లిఫయర్

ఆ రోజు ఉదయం ఇన్‌స్పెక్టరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. డాబా ఎక్కడం, మొక్కలకు నీళ్ళు పోయడం, దిగి రావడం. ఇందులో అనుమానించడానికి ఏముందని మీకు అనిపించవచ్చు. ఆయన భార్యకు మాత్రం బోలెడంత కనిపించింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషి ఒక్క మొక్కకు చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. వంటింటి కిటికీలో ఆవిడ ప్రాణంలా పెంచుకున్న గులాబీ ఆయన కళ్ళెదుటే వాడి, ఎండి, రాలిపోయాక, "ఇక్కడేదో కుండీ ఉండాలే" అని అడిగిన ఘనుడు.

"మొక్కలకి నీళ్ళా? మీరా?" అంది ఆవిడ, బడి సంచీలో లెక్కల పుస్తకాలు సర్దుకుంటూ. ఆవిడ లెక్కల టీచరు.

"ఏం, నేను పోస్తే తాగవా?"

"తాగుతాయి. ఎందుకు పోస్తున్నారో చెబితే ఇంకా బాగా తాగుతాయి."

"ఛఛ, అన్నీ అనుమానాలే నీకు!" అని ఇన్‌స్పెక్టరు బకెట్టు పుచ్చుకుని మెట్లెక్కాడు.

ఆ మాట అన్నది ఎవరో కాస్త గుర్తుపెట్టుకోండి. ఆయన పోలీసు ఇన్‌స్పెక్టరు కాదు, బీమా కంపెనీలో క్లెయిముల ఇన్‌స్పెక్టరు. కాలిపోయిన గోదాములూ, మునిగిపోయిన కార్లూ చూసి, ఎవడు నిజం చెబుతున్నాడో, ఎవడు కట్టుకథ అల్లుతున్నాడో తేల్చడం ఆయన ఉద్యోగం. సాయంత్రం ఆయన ఆఫీసును వదిలినా ఉద్యోగం ఆయన్ని వదలదు. కూరగాయలవాడు నవ్వితే తూకం ఒకసారి చూస్తాడు, నవ్వకపోతే రెండుసార్లు చూస్తాడు. ఇంతటి అనుమానపు మనిషి దొరకడం మన అదృష్టం అనుకునే, ఆ నాలుగంతస్తుల భవనంలో వాళ్ళంతా ఆయన్ని అసోసియేషన్ కార్యదర్శిగా ఎన్నుకున్నారు.

ఆయనకు ఒక వ్యసనం ఉంది. తాగుడు కాదు, పేకాట కాదు, హామ్ రేడియో. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, గుప్పిట్లో ఇమిడే చిన్న రేడియోతో తనలాంటి వాళ్ళతో గాలిలో కబుర్లు చెబుతుంటాడు. రోజూ ఉదయం ఆ బృందమంతా దూరంగా కొండ మీద, అందిన మాటను మళ్ళీ నలుదిక్కులకూ పంపే రిపీటరు ద్వారా కలుసుకుని హాజరు వేయించుకుంటుంది. హాజరు తీసుకునేది ఒక మేడమ్. ఆవిడను ఇన్‌స్పెక్టరు ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం బాగా తెలుసు, ఏ తప్పూ చేయకపోయినా క్షమించమని అడగాలనిపించే గొంతు. అందరినీ చకచకా పిలుచుకుంటూ వచ్చే ఆవిడ, ఈయన వంతు రాగానే ఆగిపోయేది. "ఎవరండీ అది? దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. సరే, హాజరు వేశాను, పోనీ" అనేది.

ఆ "పోనీ" ఇన్‌స్పెక్టరు గుండెలో ముల్లులా దిగేది. చిన్న రేడియోకు బలం చాలడం లేదు. దానికి చిన్న పవర్ యాంప్లిఫయర్ ఒకటి తగిలిస్తే గొంతు ఎన్నో రెట్లు బలంగా కొండను చేరుతుంది. కానీ ఇంట్లో శాసనం ఒకటి అమల్లో ఉంది. "ఇంకొక్క వైరుముక్క ఈ గుమ్మం దాటి లోపలికొచ్చిందో, నేను దాటి బయటికెళ్తా" అని భార్య ఎప్పుడో చెప్పేసింది. అందుకని ఇన్‌స్పెక్టరు ఆ శాసనాన్ని అక్షరాలా పాటించాడు. యాంప్లిఫయర్‌ను ఆఫీసుకు తెప్పించుకుని, పాత స్కూటరు బ్యాటరీతో సహా ఖాళీ రంగు డబ్బాలో పెట్టి, గుమ్మం ఛాయలకు కూడా రానీయకుండా నేరుగా డాబా మీదికి చేర్చాడు. నీళ్ళ టాంకు వెనక, ఎండిన రంగు చారలున్న ఆ డబ్బాను ఎవరు చూసినా సున్నాలవాళ్ళు వదిలేసిందనుకుంటారు.

ఆ ఉదయం టాంకు ఇనుప మూత మీద అయస్కాంతపు యాంటెన్నా నిలబెట్టాడు. టాంకు పక్కనే, భవనం కట్టిన కాంట్రాక్టరు కోయడానికి బద్ధకించి వదిలేసిన తీగల చుట్ట ఒకటి గొట్టంలోంచి బయటికి వేలాడుతోంది. దాని మీద తువ్వాలు ఆరవేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, తన వంతు రాగానే మీట నొక్కి, లైసెన్సుతో పాటు ఇచ్చిన తన గుర్తు చెప్పాడు.

"అరె, ఇవాళ ఏదో ఫర్వాలేదే" అంది మేడమ్. "దుప్పటి కొంచెం పల్చబడింది."

ఇన్‌స్పెక్టరుకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ సంబరంలో మొక్కల సంగతి మరిచిపోయి, నిండు బకెట్టుతోనే కిందికి దిగాడు.

రెండో అంతస్తులో గొడవ అవుతోంది. పళ్ళ డాక్టరు ఒక చెంప గీసుకుని, రెండో చెంప నురగతో గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురింటి ప్లీడరు బనీనుతో ఆయన మీద వేలు చూపిస్తున్నాడు.

"మీరే కొట్టారు నా బెల్లు!"

"నా మొహానికి నురగుంది, కనపడట్లేదా? గడ్డం సగంలో వదిలేసి మీ బెల్లు కొట్టే ఖర్మ నాకేమిటండీ? అసలు నా బెల్లు కొట్టిందెవరు?"

ఆ భవనంలో అన్ని ఇళ్ళకూ ఒకేలాంటి బెల్లులు. నొక్కితే పిచ్చుక కూసినట్టు కిచకిచమంటాయి. ఇద్దరి ఇళ్ళలోనూ ఒకేసారి పిచ్చుక కూసింది, ఇద్దరూ ఒకేసారి తలుపు తీశారు, ఎదురుగా ఒకరికొకరు కనబడ్డారు. ఇంకేం కావాలి?

"ఆగండాగండి" అంటూ ఇన్‌స్పెక్టరు బకెట్టు దింపి మధ్యలో నిలబడ్డాడు. ఇలాంటివి ఆయనకు పంచభక్ష్య పరమాన్నాలు. "ఇన్నేళ్ళ నా సర్వీసులో తేలిన సూత్రం ఒకటే. సంఘటన జరిగినప్పుడు ఎవడు అందరి కళ్ళ ముందూ లేడో, వాడే దొంగ. మీరిద్దరూ ఒకరికొకరు కనిపించారు. కాబట్టి మీరు కాదు. కనిపించనివాడు ఎవడో పట్టుకోవాలి."

"భలే చెప్పారు" అన్నాడు డాక్టరు. "అవునూ, మీరెక్కడున్నారు?"

"నేనా? డాబా మీద, మొక్కలకి నీళ్ళు పోస్తున్నా."

ఇద్దరూ తలలూపారు. నిండు బకెట్టు వైపు ఎవరూ చూడలేదు. సరిగ్గా అప్పుడే కింది మెట్ల దగ్గర గలగలమని చప్పుడైంది. ముగ్గురూ వంగి చూశారు. కింది వాటాలో కొత్తగా అద్దెకు దిగిన మనిషి భుజాన సంచీ తగిలించుకుని పనికి వెళ్తున్నాడు. ఆ సంచీలో తాళంచెవులు, రేకులు, కమ్మీలు. అతని వృత్తి తాళాలు బాగుచేయడం. తాళంచెవి పోగొట్టుకున్న వాళ్ళ తలుపులు తెరవడం కూడానూ.

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అనుమానం ఆ మెట్ల మీద పీట వేసుకుని కూర్చుంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు యాంటెన్నాను ఇంకాస్త ఎత్తుగా పెట్టాడు. మేడమ్, "దుప్పటి ఇంకా పల్చబడిందండోయ్" అంది. కింద మాత్రం అన్ని అంతస్తుల్లో పిచ్చుకలు ఒక్కసారి గోల పెట్టాయి. ఆయన దిగేసరికి గుమ్మం గుమ్మంలోనూ ఒక మనిషి, ప్రతి మనిషి నుదుటి మీదా ఒక ముడి. ప్లీడరు ఇంట్లో చేయి తగిలితే వెలిగే దీపం ఎవరి చేయీ తగలకుండానే వెలిగిందట. దాంతో ఆయనకు నోట మాట పడిపోయింది. ప్లీడరుకు మాట పడిపోవడం చిన్న విషయం కాదు.

ఆ తర్వాతి రోజు ఇంకా ఘోరం. ఇన్‌స్పెక్టరు యాంప్లిఫయర్ తీగ బిగించి, మేడమ్‌తో రెండు మాటలు ఎక్కువే మాట్లాడాడు. కింద వీధి గేటు, అదే మోటారుతో నడిచేది, తనంతట తానే బార్లా తెరుచుకుంది. డాక్టరు గారి బొచ్చుకుక్క రాజమర్యాదతో బయటికి నడిచి వెళ్ళిపోయింది. డాక్టరు లబోదిబోమంటూ వీధులన్నీ తిరిగాడు. చివరికి కుక్కను చంకన పెట్టుకుని తెచ్చిందెవరు? తాళాలతనే.

"బస్టాపు దగ్గర దిక్కులు చూస్తూ కనపడింది సార్. మనదే కదా అని తీసుకొచ్చా" అన్నాడతను, ఒంటి మీది బొచ్చు దులుపుకుంటూ.

డాక్టరు కుక్కను హత్తుకుని, థాంక్స్ చెప్పి, అతను వెళ్ళగానే గొంతు తగ్గించాడు. "చూశారా ఇన్‌స్పెక్టరు గారూ? కుక్క ఎక్కడుందో ఇతనికెలా తెలిసింది?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పైగా 'మనదే' అన్నాడు. ఎప్పటినుంచి మనదైంది?"

ఒకసారి అనుమానించడం మొదలెట్టాక అంతా సాక్ష్యమే. తాళాలతను నవ్వుతూ పలకరిస్తే మచ్చిక చేసుకుంటున్నాడన్నారు, తల దించుకుని వెళ్తే మొహం చాటేస్తున్నాడన్నారు. ప్లీడరు అయితే, "ఒకరోజు బెల్లు కొట్టి ఎవరెంత సేపటికి తలుపు తీస్తారో చూస్తాడు, ఇంకోరోజు గేటు తీసి చూస్తాడు, ఆ తర్వాత..." అని ఆపేసి, తన ఇంటి తలుపుకేసి దీనంగా చూశాడు. చివరికి ముగ్గురూ కలిసి కాపు కాయాలని తీర్మానించారు. డాక్టరు కింది మెట్ల దగ్గర, ప్లీడరు గేటు దగ్గర. ఇన్‌స్పెక్టరు ఎక్కడన్నది వేరే చెప్పాలా?

"నేను డాబా మీద ఉంటా. అక్కణ్ణుంచి గేటు, వీధి, అన్నీ కనిపిస్తాయి."

"మొక్కలు కూడా కనిపిస్తాయి" అంది భార్య, పక్కనుంచి. "నిన్న నేను పైకి వెళ్ళాను. మట్టి పెచ్చులు కట్టి ఉంది. పైనుంచి మీరేమో 'మేడమ్, ఇప్పుడు బాగుందా మేడమ్' అంటున్నారని పై వాటావాళ్ళ పనిమనిషి చెప్పింది. ఏ మొక్క పేరండీ మేడమ్?"

ఇన్‌స్పెక్టరు మెట్లెక్కేశాడు.

ఆ రోజు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, గేటు మీద చూపు నిలిపాడు. తాళాలతని తలుపు వేసే ఉంది. లోపల ఏం చేస్తున్నాడో ఎవరికీ కనిపించదు. అదే అసలైన అనుమానం. ఇంతలో హాజరు మొదలైంది. కాపలా కాపలాయే, హాజరు హాజరే కదా అనుకుని, చూపు గేటు మీంచి తిప్పకుండానే మీట నొక్కాడు.

గేటు తెరుచుకుంది.

ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడి మీట వదిలాడు. గేటు ఆగింది. గేటు పక్కన కుర్చీలో ఉన్న ప్లీడరు గాలిలోకి లేచి, చుట్టూ తిరిగి, మళ్ళీ కూలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ నొక్కాడు. గేటు మళ్ళీ కదిలింది. వదిలాడు. ఆగింది.

ఇలాంటప్పుడు మామూలు మనిషికి మొదట వచ్చే ఆలోచన ఒకటుంటుంది. ఇన్‌స్పెక్టరుకు అది రాలేదు. 'ఓరి వీడి తెలివి తెల్లారా! నేనెప్పుడు మీట నొక్కుతానో కూడా కనిపెట్టేస్తున్నాడే!' అనుకున్నాడాయన. వాణ్ణి బోల్తా కొట్టించాలని, నొక్కబోతున్నట్టు నటించి నొక్కలేదు. గేటు కదల్లేదు. అటు తిరిగి, దగ్గినట్టు దగ్గి, గభాలున నొక్కాడు. గేటు కదిలింది. ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి మళ్ళీ నొక్కాడు. పాదాల కింద నాలుగంతస్తుల్లోనూ పిచ్చుకలు కిచకిచలాడాయి.

అప్పుడు ఆయన చూపు మెల్లగా రంగు డబ్బా మీదికి, దాని మీంచి యాంటెన్నా మీదికి, యాంటెన్నా పక్కనే తువ్వాలు ఆరుతున్న తీగల చుట్ట మీదికి వెళ్ళింది. ఆ తీగలు ఏ గొట్టంలోంచి వస్తున్నాయో, ఆ గొట్టం ఏ గోడలోంచి ఏ ఇంటి గుమ్మానికి వెళ్తోందో, కార్యదర్శి కాబట్టి ఆయనకు తెలుసు. తను మీట నొక్కినప్పుడల్లా యాంటెన్నా బలం ఆ బెల్లు తీగల్లోకి దూరి గేటుదాకా పాకుతోంది. కుర్చీ లేకపోవడంతో ఎండిపోయిన మొక్క పక్కన కూలబడ్డాడు.

గబగబా అన్నీ విప్పేసి, డబ్బా మూత బిగించి కిందికి దిగేసరికి ఆలస్యమైపోయింది. బెల్లు మోగిందని తాళాలతను తలుపు తీసి, "ఎవరు సార్ కొట్టింది?" అని అడిగాడట. "ఎంత అమాయకంగా అడుగుతున్నాడో చూడండి!" అన్నాడట డాక్టరు. మాటా మాటా పెరిగింది. ఆదివారం ఉదయం మీటింగు పెట్టి ఇతన్ని ఖాళీ చేయించాలని డాక్టరూ ప్లీడరూ నిర్ణయించేశారు. ఆ వాటా యజమాని ఎక్కడో ఉంటాడు, అసోసియేషన్ ఏమంటే అదే అంటాడు.

"ఇదంతా మీ సూత్రం చలవే" అని ప్లీడరు ఇన్‌స్పెక్టరు చేయి పట్టుకుని ఊపాడు. ఇన్‌స్పెక్టరు చేయి విడిపించుకుని ఇంటిదారి పట్టాడు.

ఆయన ఆలోచించిందల్లా ఒకటే. యాంప్లిఫయర్ వాడటం మానేస్తే బెల్లులు మోగవు, బెల్లులు మోగకపోతే అందరూ మరిచిపోతారు. గుట్టు గుట్టుగానే ఉంటుంది. మర్నాడు ఉత్త చేతి రేడియోతో హాజరు వేయించుకున్నాడు. "అయ్యో, మళ్ళీ దుప్పటి కప్పేసుకున్నారేమండీ?" అంది మేడమ్. పంటి బిగువున భరించాడు. ఒక్క పిచ్చుక కూయలేదు, గేటు కదల్లేదు.

సాయంత్రం డాక్టరు వెలిగిపోతున్న మొహంతో ఎదురొచ్చాడు. "చూశారా! వెళ్ళగొడతామన్నామో లేదో, అంతా గప్‌చిప్. ఇంతకంటే రుజువేం కావాలి?"

ఇన్‌స్పెక్టరుకు అప్పుడర్థమైంది. తను నోరు మూసుకున్న కొద్దీ ఆ మనిషి మెడకు ఉచ్చు బిగుస్తోంది.

శనివారం తాళాలతను వాళ్ళింటికే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, మీరు నాలుగూ విచారించే మనిషని విన్నా. అందుకే వచ్చా. తాళాలు తీసేవాడికి ఇల్లెవరిస్తారు సార్? ఎక్కడికెళ్ళినా నా పనేంటో చెప్పగానే తలుపేసేవాళ్ళు. మా అమ్మకి మోకాళ్ళు పనిచేయవు, మెట్లు ఎక్కలేదు. ఎన్నాళ్ళు తిరిగితే ఈ కింది వాటా దొరికిందో. నేనేం తప్పు చేశానో చెప్పండి సార్, దిద్దుకుంటా. చెయ్యకపోతే ఆ మాటైనా చెప్పండి."

ఇన్‌స్పెక్టరు పేపరు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. "చూద్దాం... రేపు మీటింగులో చూద్దాం" అన్నాడు.

అతను వెళ్ళాక భార్య వచ్చి ఎదురుగా నిలబడింది. "ఆ అబ్బాయి మొహం చూస్తే తప్పు చేసినవాడిలా లేదు."

"ఊఁ."

"మీ మొహం చూస్తేనే అలా ఉంది."

ఇన్‌స్పెక్టరు పేపరులో తల దూర్చాడు. అది తలకిందులుగా ఉంది. నిజం చెప్పేస్తే పీడా పోతుందని ఆయనకు తెలుసు. కానీ ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? అనుమానాలన్నీ ఎగదోసింది తను, సూత్రం చెప్పింది తను, కాపలా కాసింది తను. పైగా ఇంట్లో ఆ గుమ్మం సంగతొకటి. ఆలోచించగా, ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. తాళాలతను అందరి ముందూ కుర్చీలో కూర్చుని ఉండగా బెల్లులు మోగాలి, గేటు తెరుచుకోవాలి. అప్పుడిక అతను కాదని పసిపిల్లవాడికైనా అర్థమవుతుంది. తీగల్లో ఏదో లోపమని ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే సరి. అతనూ బతికిపోతాడు, తనూ బతికిపోతాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆదివారం ఉదయం, కార్లు నిలిపే చోట కుర్చీలు వేశారు. అన్ని ఇళ్ళవాళ్ళూ వచ్చారు. తాళాలతను ముందు వరుసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతని వెనక, కొంచెం తెరిచిన తలుపు సందులోంచి ఒక ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని చూస్తోంది. ప్లీడరు లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషం" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పైన టాంకు నిండిపోతున్నట్టుంది. మోటారు చూసొస్తా. మీరు కానివ్వండి."

"మోటారు మీట ఇక్కడ కిందే ఉందిగా" అంది భార్య. ఆయన అప్పటికే మొదటి అంతస్తు దాటాడు.

డబ్బా తెరిచాడు. తీగలు కలిపాడు. ఇన్ని రోజుల్లో నేర్చుకున్న విద్యంతా చూపించి యాంటెన్నాను టాంకు మూత నడిమధ్యన నిటారుగా నిలబెట్టాడు. ఊరికే మీట నొక్కి వదలడం లైసెన్సు ఉన్నవాడికి తగదు. గాలిలో నోరు విప్పితే తనెవరో చెప్పాల్సిందే. హాజరు నడుస్తోంది కూడా. ఒక చెవికే ఇయర్‌ఫోను పెట్టుకుని, రెండో చెవి కిందికి వదిలి, మీట నొక్కి తన గుర్తు చెప్పాడు. కింద నాలుగంతస్తుల పిచ్చుకలూ ఒక్క గొంతుతో అరిచాయి. గేటు కిర్రుమని తెరుచుకుంది. జనం హాహాకారాలు చేశారు. ఇన్‌స్పెక్టరు గుండె తేలికపడింది. పని అయిపోయింది, ఇక దిగాలి.

"ఆహా!" అంది చెవిలో మేడమ్. "ఎవరండీ ఇది? దుప్పటాయనేనా? దుప్పటి పూర్తిగా తీసేశారే! పక్క గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఇంత బాగా ఇవాళ ఇంకెవరూ వినపడలేదు!"

ఇన్‌స్పెక్టరు కాళ్ళు ఆగిపోయాయి. ఎన్నాళ్ళుగా ఈ ఒక్క మాట కోసం ఆయన మొహం వాచి ఉన్నాడు! ఇంకా బాగా వినాలని రెండో ఇయర్‌ఫోను కూడా చెవిలో పెట్టుకున్నాడు.

"నిజంగానా మేడమ్?"

"నిజంగానండీ. ఏం చేశారో కాస్త చెప్పండి, మిగతావాళ్ళు కూడా వింటారు. తాపీగా చెప్పండి."

అడగడమే తరువాయి. ఇన్‌స్పెక్టరు మీట నొక్కిపెట్టి తాపీగానే చెప్పాడు. చిన్న రేడియో సంగతి చెప్పాడు, యాంప్లిఫయర్ సంగతి చెప్పాడు, బ్యాటరీ సంగతి చెప్పాడు. "ఇంట్లో తెలియకుండా తెప్పించాను మేడమ్. రంగు డబ్బాలో దాచాను. మా ఆవిడకి లెక్కలు తప్ప లోకం తెలీదు, ఈ జన్మకి కనిపెట్టలేదు" అని కూడా చెప్పాడు.

కింద జరిగింది ఇది. మొదటి కిచకిచకే అందరూ తాళాలతని వైపు చూశారు. అతని చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. "ఇతను కాదు" అన్నాడు డాక్టరు, నమ్మలేక. పిచ్చుకలు ఆగకుండా కూస్తున్నాయి. గేటు తెరుచుకునే ఉంది, బొచ్చుకుక్క మళ్ళీ బయల్దేరింది. అప్పుడు లెక్కల టీచరు లేచి, "ఇక్కడ ఒక సూత్రం ఉండాలి కదండీ" అంది. "సంఘటన జరిగినప్పుడు ఎవరు అందరి కళ్ళ ముందూ లేరో..." ప్లీడరు వరసగా తలలు లెక్కపెట్టాడు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆ తర్వాత అందరూ కలిసి మెట్లెక్కారు.

భుజం మీద చేయి పడితే ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు. డాబా నిండా జనం. అందరికంటే ముందు భార్య.

"ఆగిపోయారేం? చెప్పండి" అంది ఆవిడ. "ఈ జన్మకి కనిపెట్టలేదు, తర్వాత?"

ఇన్‌స్పెక్టరు చెవిలోంచి జారిన ఇయర్‌ఫోనులోంచి సన్నగా, "హలో? ఉన్నారా? మీ గొంతు వింటుంటే ప్రాణం లేచొచ్చిందండీ" అని వినిపించింది.

"ఈవిడేనా మొక్క?" అంది భార్య.

ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు నవ్వలేదు. "అంటే మీరు... ఇన్ని రోజులూ... నా కుక్క..." అని ఏ వాక్యమూ పూర్తి చేయలేకపోయాడు. ఇన్‌స్పెక్టరు రేడియో కింద పెట్టి తల వంచుకున్నాడు. ఇక దాచడానికి డబ్బా కూడా మిగల్లేదు.

"నేనే" అన్నాడు. "మొదట్లో తెలీదు. గేటు చూశాక తెలిసింది. తెలిసి కూడా నోరు మూసుకున్నా. ఇతనికి ఏ పాపం తెలీదు. తప్పంతా నాది."

తాళాలతను జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు. ఒక చంకలో కుక్క ఉంది, దారిలో మళ్ళీ దొరికినట్టుంది. దాన్ని డాక్టరు చేతుల్లో పెట్టి, ఇన్‌స్పెక్టరును, రంగు డబ్బాను మార్చి మార్చి చూశాడు.

"సార్, నేను కింద కూర్చుని ఉండగా మోగాలనే ఎక్కారా?"

ఇన్‌స్పెక్టరు తలూపాడు.

"మోగించి దిగిపోతే మీ సంగతి ఎవరికీ తెలిసేది కాదు కదా సార్?"

"దిగుదామనే అనుకున్నా" అన్నాడు ఇన్‌స్పెక్టరు నీరసంగా. "బాగుందన్నారు."

తాళాలతను అప్పుడు నవ్వాడు. ఆ భవనంలోకి వచ్చాక అతను నోరారా నవ్వడం అదే మొదలు. "నన్ను అనుమానించడం కొత్త కాదు సార్. కానీ అనుమానించినాయన నా కోసం నాలుగంతస్తులెక్కి తనే దొరికిపోవడం మాత్రం ఎక్కడా చూళ్ళేదు. మా అమ్మకి చెప్పాలి" అని గబగబా దిగిపోయాడు.

మీటింగు డాబా మీదే కొనసాగింది. తాళాలతన్ని ఖాళీ చేయించే మాట ఇంకెవరూ ఎత్తలేదు. ప్లీడరు కిందికి వెళ్ళి, ఆ ముసలావిడకు స్వయంగా క్షమాపణ చెప్పి వచ్చాడు. అది వాదన కంటే పొడుగ్గా సాగింది. యాంప్లిఫయర్ గురించి మాత్రం హోరాహోరీగా చర్చించి ఒక తీర్మానం చేశారు. తీగల చుట్ట కోయించేదాకా, గేటు బాగుచేయించేదాకా దాన్ని మీటర్ల గదిలో పెట్టి తాళం వేయాలి. ఆ గది ఎవరింటి గుమ్మమూ కాదు కాబట్టి భార్య కూడా ఒప్పుకుంది. రోజూ మొక్కలకు నీళ్ళు పోసే పని ఆయనకే శాశ్వతంగా అప్పగిస్తూ ఆవిడ ఇంకో తీర్మానం ప్రతిపాదించింది. అది ఏకగ్రీవంగా నెగ్గింది.

గదికి గట్టి తాళం బిగించింది తాళాలతనే. కూలి పుచ్చుకోలేదు. తాళంచెవి ఒకటి డాక్టరు చేతికిచ్చాడు.

అలాంటి తాళాలకు చెవులు రెండు వస్తాయి కదా, రెండోది తన భార్య దగ్గర ఎందుకుందని ఇన్‌స్పెక్టరు ప్రస్తుతం విచారణ జరుపుతున్నాడు.